కొత్త రంగు కింద పాత సీసం

తెనాలి నుంచి ఒక అమ్మగారు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దని కోరారు, వెయ్యడం లేదు. పిల్లలు విదేశాల్లో వున్న అమ్మమ్మలూ, నాయనమ్మలూ ఎంతోమంది తెలుసుకోవలసిన సంగతి అందులో వుంది కనక, ఆవిడ అనుమతితోనే సారాంశం చెబుతున్నాను.

కిందటి అక్టోబరులో ఆవిడ న్యూయార్కులో వున్న కూతురి దగ్గరికి వెళ్ళారు. అమ్మాయీ, అల్లుడుగారూ ఇద్దరూ ఉద్యోగస్తులే. మనవడికి అప్పటికి పదో నెల. వాళ్ళ కాపురం మన్‌హటన్‌లో అప్పర్ వెస్ట్ సైడ్ అనే పేటలో. డబ్బున్నవాళ్ళు వుండే పేట. పక్కనే రివర్‌సైడ్ పార్కు, దాని కింద హడ్సన్ నది. 1920 ల్లో కట్టిన భవనం. ఒక పడకగది, హాలు, వంటిల్లు, స్నానాలగది. వాళ్ళు చేరబోయే ముందు యజమాని ఇల్లంతా బాగు చేయించాడు. వంటింటి గోడ ఒకటి పడగొట్టి హాల్లో కలిపాడు, చెక్క నేలను యంత్రంతో గీకించి మెరుగు పెట్టించాడు, గోడలకూ కిటికీలకూ పాలనురుగు లాంటి తెల్లరంగు వేయించాడు. "అద్దం లాంటి ఇల్లు డాక్టరుగారూ, చూస్తే కొత్త ఇల్లే అనుకుంటారు" అని రాశారు.

బాబుకి ఏడాది నిండగానే అక్కడి పద్ధతి ప్రకారం రక్తపరీక్ష చేశారు. వేలికొన నుంచి తీసిన రక్తంలో సీసం వున్నట్టు తేలింది. నరం నుంచి తీసి మళ్ళీ చూశారు. డెసిలీటరుకు 7 మైక్రోగ్రాములు అన్నారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినలేదట. మర్నాడు అల్లుడుగారు నెమ్మదిగానే, "అత్తయ్యగారు తెచ్చిన పసుపు వల్లనేమో" అన్నారు. ఆవిడ ఇక్కడి నుంచి రెండు కిలోల పసుపు, కుంకుమ, కాటుక, తన తల్లి నాటి ఇత్తడి ఉగ్గుగిన్నె తీసుకుపోయారు. అన్నీ ఒక సంచిలో కట్టి అటక మీద పెట్టేశారు. తరవాత ఆవిడ ఇంట్లో ఏది ముట్టుకున్నా దొంగలాగా ముట్టుకున్నారట. మార్చిలో తిరిగి వచ్చేశారు. "నా చేతులతో నేనే వాడికి విషం పెట్టానా? దాచకుండా చెప్పండి" అని అడిగారు.

అమ్మా, దాచకుండానే చెబుతాను. ముందు మీ ఉత్తరంలో నాలుగో పేజీ సంగతి. "అన్నం తినకపోతే కిటికీ గట్టు మీద కూర్చోబెట్టి, కింద పార్కులో కుక్కల్నీ ఉడతల్నీ చూపించి ముద్దలు పెట్టేదాన్ని. వాడు గట్టు మీద రెండు చేతులతో దరువు వేసి, ఆ చేతులే నోట్లో పెట్టుకునేవాడు. ఆ కిటికీ బిగుసుకుపోయి వుండేది. అల్లుడుగారు సుత్తితో కొట్టి లేపారు. ఎప్పుడు లేపినా తెల్లటి పొడి రాలేది, నేను గుడ్డతో దులిపేదాన్ని" అని రాశారు. ఏదో కబురు చెబుతున్నట్టు రాశారు గాని, నేను మాత్రం ఆ అయిదు వాక్యాలూ మూడుసార్లు చదివాను.

ఆ పొడి ఏమిటి?

న్యూయార్కులో "ప్రీ-వార్" అంటే రెండో ప్రపంచయుద్ధానికి ముందు కట్టినది అని అర్థం. అక్కడ అది గొప్పగా చెప్పుకునే మాట. మందపాటి గోడలు, ఎత్తయిన కప్పులు, చెక్క నేల, కిటికీ కింద ఆవిరితో వేడెక్కే ఇనప రేడియేటరు. నేనూ ఆ నగరంలో అలాంటి ఇళ్ళు చూశాను. ముచ్చటగానే వుంటాయి. కాని ఆ ఇళ్ళు కట్టిన రోజుల్లో తెల్లరంగు అంటే సీసపు రంగే. తెల్లసీసాన్ని అవిసెనూనెలో కలిపి తలుపులకూ, కిటికీలకూ, గోడలకూ పూసేవారు. గట్టిగా పట్టుకుంటుంది, కడిగితే పోదు, మెరుస్తుంది. అందుకే ఖరీదైన ఇళ్ళకు మరీ ఇష్టంగా వేసేవారు.

దాని వల్ల పిల్లలకు హాని అని అప్పటికే తెలియకపోలేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కళ్ళ డాక్టరు, వరండా కటకటాలకూ గదుల గోడలకూ వేసిన రంగు పొడై పిల్లల వేళ్ళకు అంటి నోట్లోకి పోతోందని 1904 లోనే రాశాడు. 1921 లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశం ఇళ్ళ లోపలి రంగుల్లో తెల్లసీసాన్ని కట్టడి చేస్తూ ఒప్పందం చేసింది. అమెరికా దానిలో చేరలేదు. న్యూయార్కు నగరం ఇళ్ళలో సీసపు రంగును నిషేధించింది 1960 లో. అమెరికా దేశమంతటా నిషేధం వచ్చింది 1978 లో.

నిషేధం వచ్చాక కొత్తగా వెయ్యడం ఆగింది గాని, వేసినదాన్ని ఎవరూ గోడల మీద నుంచి ఊడ్చి తీసుకుపోలేదు. దాని మీదే మరో రంగు, దాని మీద ఇంకోటి వేస్తూ వచ్చారు. మీ అమ్మాయి ఇంటి కిటికీకి వందేళ్ళలో ఎన్ని పొరలు పడివుంటాయో చూసుకోండి. పైపొర కిందటేడుది. అడుగు పొర 1920 ల నాటిది అయివుండవచ్చు.

పొర కదలకుండా, పెచ్చు లేవకుండా వున్నంతవరకు ఆ సీసం గోడలోనే పడివుంటుంది. ప్రమాదమల్లా కదిలినప్పుడే. పైకీ కిందికీ జరిగే కిటికీ తలుపు చట్రానికి ఒరుసుకున్నప్పుడల్లా రంగు అరిగి పిండి లాంటి పొడి రాలుతుంది. ఆ పొడి చేరే చోటు కిటికీ గట్టు. గుమ్మానికి ఒరుసుకునే తలుపూ అంతే. నీళ్ళు కారి ఉబ్బిన గోడ పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. వీటన్నిటికన్నా ఎక్కువ పొడి లేచేది ఇల్లు బాగుచేసేటప్పుడు. గోడ పడగొట్టినా, గరుకు కాగితంతో రుద్దినా, మంట పెట్టి రంగు కాల్చినా సీసం ఇల్లంతా పరుచుకుంటుంది. పనివాళ్ళు శ్రద్ధగా శుభ్రం చెయ్యకపోతే నేల చెక్కల సందుల్లో, రేడియేటరు వెనక నిలిచిపోతుంది.

కాబట్టి పాఠకులు ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. బాగుచేసిన పాత ఇల్లు కొత్త ఇల్లు కాదు. పని జాగ్రత్తగా చేసివుంటే అది మునుపటికన్నా మంచి ఇల్లు. అజాగ్రత్తగా చేసివుంటే మునుపటికన్నా చెడ్డ ఇల్లు. పైన వేసిన తెల్లరంగు చూసి ఏ సంగతీ చెప్పలేం. పేట గొప్పదైనా, అద్దె నెలకు నాలుగైదు వేల డాలర్లయినా గోడలోని సీసానికి ఆ తేడా తెలియదు.

సీసం ఏం చేస్తుంది?

సీసం మన ఒంటికి ఏ విధంగానూ అవసరం లేని లోహం. (పిల్లల పెన్సిల్లో వుండేది సీసం కాదు, అది గ్రాఫైటు అనే ఒక రకం బొగ్గు. దాని గురించి భయం వద్దు.) నేను జిల్లా ఆస్పత్రిలో చేరిన కొత్తలో, పాత బాటరీలు కరిగించే పని చేసే ఒకతను కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చాడు. మనిషి పాలిపోయి వున్నాడు. చిగుళ్ళ అంచున నీలిగీత. పెద్దవాళ్ళలో సీసం విషం ముదిరితే అలా వుంటుంది, డాక్టరు కంటికి కనిపిస్తుంది. చిన్నపిల్లల్లో ఇంత స్పష్టంగా కనపడదు. పిల్లవాడు ఆడుతూనే వుంటాడు, నవ్వుతూనే వుంటాడు, బరువు పెరుగుతూనే వుంటాడు. లోపల మాత్రం ఎదిగే మెదడు మీద సీసం పనిచేస్తూ వుంటుంది. తరవాత బడికి వెళ్ళేనాటికి చదువు మీద నిలకడ తగ్గడం, తెలివి కొంత మందగించడం, చిరాకు, మొండితనంగా బయటపడుతుంది. అప్పుడు దాన్ని సీసమని ఎవరూ అనుకోరు, అల్లరిపిల్లవాడని కొడతారు.

పసిపిల్లలకే ఎందుకు ఎక్కువ హాని? మూడు కారణాలు. నేల మీద పాకుతారు, చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటారు. మింగిన సీసంలో పెద్దవాళ్ళకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ వాళ్ళ ఒంటికి పడుతుంది. వాళ్ళ మెదడు ఇంకా తయారవుతూ వుంటుంది. గర్భిణి ఒంట్లో చేరిన సీసం మాయ దాటి కడుపులో బిడ్డకు కూడా చేరుతుంది. అంచేత పాత ఇల్లు బాగుచేస్తున్నప్పుడు గర్భిణులూ పసిపిల్లలూ ఆ ఇంట్లో వుండకూడదు.

ఇప్పుడు ఆ 7 సంగతి. డెసిలీటరు అంటే నూరు మిల్లీలీటర్ల రక్తం. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షలవ వంతు. పిల్లల రక్తంలో ఇంత సీసం వుంటే ఫరవాలేదు అనదగ్గ అంకె ఏదీ లేదు. అయినా ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కదా. అమెరికా ప్రభుత్వ వైద్యసంస్థ 1991 లో ఆ గీతను 10 దగ్గర గీసింది, 2012 లో 5 కి, 2021 లో 3.5 కి దించింది. మీ మనవడిది దానికి రెట్టింపు. కాబట్టి పట్టించుకోవలసిన అంకే. కాని గుండెలు బాదుకోవలసినది కాదు. సీసాన్ని ఒంట్లోంచి లాగే మందులు సాధారణంగా 45 కి చేరినప్పుడు వాడతారు. 7 కి మందులు లేవు, అవసరమూ లేదు. సీసం ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కుని ఆపడమే చికిత్స. రాక ఆగితే రక్తంలో అంకె నెలల మీద తగ్గుతుంది. డాక్టరు చెప్పిన గడువుకు, ఇలాంటి అంకెకు మామూలుగా మూడు నెలల లోపు, మళ్ళీ పరీక్ష చేయించాలి.

అమ్మమ్మ సంచి

ఇక మీ సంచి విప్పుదాం. అల్లుడుగారి అనుమానం అర్థం లేనిది కాదు. న్యూయార్కు ఆరోగ్యశాఖ వాళ్ళు పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా వున్న ఇళ్ళకు వెళ్ళి, గోడలతో పాటు వంటింట్లో డబ్బాలూ, పూజ అరలో పొట్లాలూ కూడా పరీక్ష చేస్తారు. వేరే దేశాల నుంచి తెచ్చిన మసాలాల్లో, కుంకుమల్లో, నాటుమందుల్లో సీసం దొరికిన సందర్భాలు వాళ్ళు చూశారు.

పసుపు: రంగు బాగా రావడానికి కొందరు వర్తకులు లెడ్ క్రోమేటు అనే పసుపుపచ్చ రంగు కలుపుతారు. పొడిలోనే కాదు, కొమ్ములకు కూడా పూస్తారు. మీరు దుగ్గిరాలలో తెలిసినవాళ్ళ దగ్గర కొమ్ములు కొని మీ ఇంట్లోనే దంపించానని రాశారు. అనుమానం తక్కువే. అయినా పరీక్ష చేయించందే తేలదు.

కుంకుమ: పసుపుతో, సున్నంతో చేసినదైతే సీసం వుండదు. బజార్లో దొరికే ఎర్రటి, నారింజ రంగు సింధూరంలో ఎర్రసీసం వుండవచ్చు. పసివాడి నుదుట పెట్టినది సాయంత్రానికల్లా వాడి వేళ్ళ మీదుగా నోట్లో వుంటుంది. పెట్టకండి.

కాటుక: ఆముదపు దీపం మసితో ఇంట్లో పట్టిన కాటుకలో సీసం వుండదు. సుర్మా అని అమ్మేవాటిలో చాలా వుండవచ్చు. ఏదైనా సరే, పసిపిల్లల కంట్లో పెట్టవద్దని మా డాక్టర్ల మాట.

ఉగ్గుగిన్నె: పాత ఇత్తడిలో సీసం కలిసివుండే అవకాశం వుంది, కళాయిలో కూడా. మీ అమ్మగారి గుర్తుగా అద్దాల బీరువాలో పెట్టుకోండి. బాబుకి స్టీలు గిన్నెలో పెట్టండి.

మందులు: నాగభస్మం అంటే సీసపు భస్మమే. లోహాలతో చేసిన రసౌషధాలు గాని, పేరూ ఊరూ లేని బాలగుళికలు గాని పసిపిల్లలకు ఇవ్వకండి.

కాబట్టి ఆ సంచి మొత్తం పరీక్షకు ఇవ్వమని అమ్మాయికి చెప్పండి. ఇందులో అవమానం ఏమీ లేదు. కాని సంచిని అటక ఎక్కించి, ఇక గండం గడిచిందనుకుని కిటికీని వదిలేస్తే మాత్రం పిల్లవాడికి అన్యాయం చేసినట్టే. నేరం ఎవరిదో తేల్చుకోవడానికి పెద్దవాళ్ళకు ఏళ్ళు పట్టినా ఫరవాలేదు. పాకే పిల్లవాడికి ఈ నెల గడవాలి.

అమ్మాయి ఇప్పుడు ఏం చెయ్యాలి?

1. పిల్లవాడి రక్తంలో అంకె 7 వుంటే న్యూయార్కు ఆరోగ్యశాఖ వారు ఇంటికి వచ్చి చూస్తారు. ఇంతవరకు రాకపోతే పిల్లల డాక్టరును అడగాలి. నగరానికి 311 అనే ఫోను నంబరు వుంది. ఇంటి గురించిన ఫిర్యాదు దానికి చేస్తే తనిఖీకి మనిషి వస్తాడు.

2. యజమానిని రాతపూర్వకంగా అడగాలి. 1960 కి ముందు కట్టిన భవనంలో ఆరేళ్ళలోపు పిల్లలు వుంటే, సీసపు రంగు ప్రమాదం లేకుండా చూడవలసిన బాధ్యత యజమానిదేనని 2004 నాటి నగర చట్టం చెబుతోంది. ఏటా జనవరిలో, ఇంట్లో చిన్నపిల్లలు వున్నారా అని యజమాని కాగితం పంపాలి. చాలామంది దాన్ని చూడకుండా పారేస్తారు. నింపి పంపండి. పిల్లవాడు అక్కడే కాపురం వుండనక్కరలేదు, వారానికి పది గంటలు గడిపినా వున్నట్టే లెక్క. అంటే మనవణ్ణి చూసుకునే తాతయ్యల ఇళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది.

3. పరీక్ష కాగితాలు చూపించమనాలి. రంగు గీకకుండానే లోపలి పొరల్లో సీసం ఎంత వుందో చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ అనే పరికరం వుంది. ఇలాంటి పాత అద్దె ఇళ్ళన్నిటికీ ఆ పరీక్ష చేయించాలని నగరం యజమానులకు 2025 ఆగస్టు 9 గడువు పెట్టింది. పాత కాపురం ఖాళీ అయి కొత్తవాళ్ళు చేరేలోగా, ఒరుసుకునే తలుపుల, కిటికీల రంగు సంగతి చూడాలని కూడా చట్టం వుంది. అది చేశారా, రంగు మీద రంగు పూసి వదిలేశారా అన్నదే అసలు ప్రశ్న.

4. మరమ్మతు చేసేవాళ్ళు అనుమతి పొందినవాళ్ళే కావాలి. 1978 కి ముందు కట్టిన ఇళ్ళలో ఒక గదిలో 6 చదరపు అడుగులకు మించి రంగు కదిలించే పని చేస్తే, సీసం జాగ్రత్తలు నేర్చి ధ్రువపత్రం పొందిన సంస్థే చెయ్యాలని 2010 నుంచి అమలులో వున్న నియమం. అల్లుడుగారు తానే గరుకు కాగితం పట్టుకుని కిటికీ ఎక్కకూడదు. మంచి మనసుతో చేసిన ఆ పని వల్ల అంకె రెట్టింపు కావచ్చు.

5. ఈలోగా ఆ కిటికీ తెరవవద్దు. గట్టును తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారెయ్యాలి. ఉయ్యాల, ఆటబొమ్మలు కిటికీకీ రేడియేటరుకీ దూరంగా జరపాలి. పెచ్చులూడిన చోట గట్టి టేపు అంటించాలి.

6. పొడి చీపురుతో ఊడవవద్దు, దులపవద్దు. అమ్మా, మీరు గుడ్డతో దులిపింది శుభ్రత కోసమే. అయినా దులిపితే సీసం గాలిలోకి లేచి మళ్ళీ నేల మీదే పడుతుంది. వారానికి రెండుసార్లైనా తడిగుడ్డతో నేలా, గట్లూ తుడవాలి. మామూలు వాక్యూమ్ యంత్రం సన్నపొడిని వెనకనుంచి వదిలేస్తుంది, హెపా వడపోత వున్నదే వాడాలి.

7. బాబు చేతులు అన్నానికి ముందు, నిద్రకు ముందు సబ్బుతో కడగాలి. బొమ్మలు కూడా. చెప్పులు గుమ్మం బయటే విప్పే మన అలవాటు ఇక్కడ బంగారం లాంటిది, మానవద్దు.

8. తిండిలో ఇనుమూ, కాల్షియమూ తక్కువైతే సీసం ఒంటికి ఎక్కువ పడుతుంది. రాగిజావ, పప్పు, తోటకూర, గుడ్డు, మాంసం తినేవారైతే మెత్తగా ఉడికించిన మాంసం, పెరుగు ఇవ్వండి. పప్పులో నిమ్మరసం పిండితే ఇనుము బాగా పడుతుంది. ఖాళీకడుపుతో వుంచవద్దు.

9. నీళ్ళు. ఆ నగరానికి కొండల్లోని జలాశయాల నుంచి వచ్చే నీరు మంచిదే, కాని పాత భవనాల గొట్టాల్లో సీసం వుండవచ్చు. తాగడానికీ, వంటకీ చన్నీళ్ళ కుళాయే వాడాలి. కొన్ని గంటలు వాడకుండా వుంటే, నీళ్ళు బాగా చల్లబడేదాకా వదిలి పట్టుకోవాలి. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గాని సీసం పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. 311 కి ఫోను చేస్తే నీటి పరీక్ష సీసాలు ఉచితంగా పంపుతారు.

10. ఇది సీసం సంగతి కాకపోయినా చెప్పాలి. పిల్లవాణ్ణి కిటికీ గట్టు మీద కూర్చోబెట్టవద్దు. మూడు లేక అంతకన్నా ఎక్కువ ఇళ్ళున్న భవనంలో పదేళ్ళు, అంతకు తక్కువ వయసు పిల్లలు వుంటే కిటికీలకు రక్షక కమ్మీలు బిగించాలని న్యూయార్కులో 1976 నుంచీ నియమం. పిల్లలు పడి చనిపోతూంటే పెట్టిన నియమం అది. కమ్మీలు వున్నాయో లేదో ఇవాళే అడగండి.

ఇల్లు ఇంకా తీసుకోనివాళ్ళకు ఒక మాట. 1978 కి ముందు కట్టిన ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు తనకు తెలిసిన సీసం వివరాలు యజమాని కాగితం మీద చెప్పాలి, ఒక చిన్న పుస్తకం కూడా ఇవ్వాలి. సంతకాల హడావిడిలో అది అడుగున పడిపోతుంది. సంతకం పెట్టే ముందు చదవండి. కిటికీలు పైకెత్తి చూడండి. గట్టు మీద వేలు రాసి చూడండి.

మన ఇళ్ళ మాట

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోకండి. మనదేశంలో ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల వంతుల్లో 90 వంతులకు మించరాదనే నియమం 2017 నవంబరు నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. అంతకుముందు తలుపులకూ, కిటికీ ఊచలకూ వేసిన ఎనామిల్ రంగులను, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులను అనుమానించవలసిందే. పండగకు ముందు పాత తలుపులు గరుకు కాగితంతో రుద్దించేటప్పుడు పిల్లల్ని పక్కింటికి పంపండి. తలుపు తడిపి రుద్దమనండి. పని అయ్యాక తడిగుడ్డతో రెండుసార్లు తుడిపించండి. అక్కడిలాగా ఏడాది పిల్లలకూ, రెండేళ్ళ పిల్లలకూ రక్తంలో సీసం చూసే పద్ధతి మనకు లేదు. బాటరీలు, రంగులు, అచ్చుపని, నగల పని చేసేవాళ్ళ ఇళ్ళలో పిల్లలకు మీరే అడిగి చేయించుకోవాలి.

చివరిగా, తెనాలి అమ్మగారికి

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. మీ పసుపు కారణమా, ఆ కిటికీ కారణమా అన్నది పరీక్ష చేస్తేనే తేలుతుంది. ఇక్కడ కూర్చుని నేను తీర్పు చెప్పలేను. నన్నడిగితే నా అనుమానం మాత్రం ఆ కిటికీ మీదే. ఏది తేలినా సరే, తెలియక ముద్ద పెట్టిన చెయ్యి విషం పెట్టిన చెయ్యి కాదు. వందేళ్ళ నాడు ఆ రంగు వేసినవాళ్ళలో తెలిసి వేసినవాళ్ళు వున్నారు. మీరు ఆ జాబితాలో లేరు.

పిల్లవాడి తెలివి ఏమవుతుందోనని మీ భయం. 7 అనే అంకె వున్న పిల్లలంతా వెనకబడరు. సీసం రాక ఆపి, మంచి తిండి పెట్టి, రోజూ వాడితో మాట్లాడుతూ, కథలు చెబుతూ వుంటే ఎదిగే మెదడు చాలా పుంజుకుంటుంది. కథలు చెప్పడానికి అమ్మమ్మకన్నా మంచి మందు మా ఆస్పత్రిలో లేదు.

ఈ ఉత్తరం అచ్చయ్యాక పత్రిక పంపేదాకా ఆగకండి. ఈ రాత్రికే అమ్మాయికి ఫోను చెయ్యండి. ముందు కిటికీ సంగతి చెప్పండి, తరవాత సంచి సంగతి. అల్లుడుగారితో కూడా మీరే మాట్లాడండి. మళ్ళీ వెళ్ళినప్పుడు ముద్దలు హాలు మధ్యలో, తడిగుడ్డతో తుడిచిన నేల మీద కూర్చోబెట్టి పెట్టండి. కుక్కల్నీ ఉడతల్నీ చూడాలంటే పార్కులోకే తీసుకువెళ్ళండి. తిరిగి రాగానే వాడి చేతులు కడగడం మరవకండి.